వదిలిపెట్టిన పందెం

కిందటి వారం మనం వినోదను కరీంనగర్ బస్టాండులో, పొద్దున ఆరు గంటల ఆదిలాబాద్ బస్సులో, కిటికీ పక్క సీట్లో వదిలిపెట్టాం. ఒళ్లో బ్యాగు, బ్యాగులో ల్యాప్‌టాప్. పక్క సీటు ఖాళీ. ఆ సీట్లో కూర్చోవలసిన శ్రేయ ఆ వేళకు సోమవారం నుంచీ సెలవు మీద హుజూరాబాద్‌లో తన ఇంట్లో ఉంది, షో శుక్రవారమే అనుకుంటూ.

శ్రేయ, వినోద కరీంనగర్‌లోని గిరక స్టూడియోలో ఆరేళ్లుగా పక్కపక్క బల్లల మీద బొమ్మలు గీస్తున్నారు. ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు, సినిమా హాళ్లకు బ్యానర్లు రాసిన కైలాసం, ఫ్లెక్సీలు వచ్చి కుంచె పని పోయాక నలభై ఏళ్ల వయసులో కంప్యూటర్ నేర్చుకుని, ఫర్నిచర్ షాపు పైఅంతస్తులో ఆ స్టూడియో పెట్టాడు. ఈ అమ్మాయిలిద్దరూ కలిసి పుట్టించిన కార్టూన్ సీరియల్ పేరు ‘జడి–సుడి’. జడి వాన కురిపిస్తుంది, సుడి గాలి వీయిస్తుంది. ఇద్దరూ దోస్తులు, ఎక్కడ ఆపద వస్తే అక్కడికి ఎగిరి వెళ్తారు. హైదరాబాద్‌లోని పిల్లల చానల్ తొమ్మిది ఎపిసోడ్లు వేసింది, పిల్లలకు నచ్చింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. రెండో ఏడాది సీరియల్‌కు డైరెక్టర్ ఒక్కరే ఉండాలని చానల్ వాళ్లు తేల్చారు. ఆ ఒక్కరు ఎవరో చెప్పే బాధ్యత మమతారాణి అనే పెద్దావిడది. పదో ఎపిసోడ్‌ను రంగులు వేయకముందే ఆదిలాబాద్‌లో ఒక బడి పిల్లలకు చూపించి, ఇద్దరితోనూ మాట్లాడాక చెప్తానని ఆమె అంది. శుక్రవారం అనుకున్న షో బుధవారానికి మారిందని సోమవారం సాయంత్రం ఫోన్ వస్తే ఎత్తింది వినోద. శ్రేయకు కూడా చెప్పమని కైలాసం అన్నాడు. వినోద తల ఊపింది. చెప్పలేదు.

జగిత్యాల దాటేదాకా ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. శ్రేయకు ఈ డైరెక్టర్ పని రాకపోతే ఏం తక్కువ? హుజూరాబాద్‌లో రాజేశ్వర్‌రావు గారి అమ్మాయి అంటే చాలు, నలుగురు లేచి నిలబడతారు. తనకేముంది? ఆసిఫాబాద్ దగ్గరి పల్లెలో తనను కన్న అవ్వ బుచ్చవ్వ ఇప్పటికీ పత్తి ఏరడానికి కూలికి పోతుంది. బాపు రాజం పదకొండేళ్లుగా మస్కట్‌లో తాపీ పని చేస్తున్నాడు. ఎపిసోడ్ చివర వచ్చే పేర్లలో బిడ్డ పేరును ఫోన్లో ఆపి రూములో అందరికీ చూపించానని పోయిన నెల చెప్పాడు. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయనీ, అద్దాలు పెట్టుకుని వెతకాల్సి వచ్చిందనీ కూడా చెప్పాడు. ఈసారి వెతక్కుండా కనబడాలి. తను కోరింది అంతే కదా.

నిర్మల్ దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు ఆ సర్దుబాటు సడలిపోయింది. ఫోను తీసి శ్రేయ పేరు మీద వేలు పెట్టింది. ఇప్పుడు చెప్పినా ఆమె షో వేళకు చేరలేదు. చేరలేదని తెలిసీ చెప్పడం చెప్పకపోవడం కంటే అధ్వాన్నంగా తోచింది. ఫోను మళ్లీ బ్యాగులో పడేసింది.

పదకొండున్నరకు ఆదిలాబాద్ చేరింది. పత్తి సీజను. మార్కెట్ యార్డు ముందు లారీలు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. రోడ్డు పక్క తుమ్మకంపలకు పత్తి పింజలు వేలాడుతున్నాయి. మస్కట్ పోకముందు రాజం ఇక్కడే ఒక జిన్నింగ్ మిల్లులో రెండు సీజన్లు హమాలీ పని చేశాడు. తొమ్మిదేళ్ల వినోద ఒక సెలవుల్లో బాపు దగ్గరికి వచ్చి, యార్డులో పత్తి కుప్ప అంటుకోవడం కళ్లారా చూసింది. పత్తి మంట భగ్గున పైకి లేవదు. లోపల్లోపల రాజుకుంటూ పాకుతుంది. ఒక్క పింజ గాలికెగిరి పక్క కుప్ప మీద పడితే అదీ అంటుకుంటుంది. పదో ఎపిసోడ్‌లో నిప్పును గీసేటప్పుడు ఆమె ఎక్కడా ఏ ఫొటోనూ చూసుకోలేదు.

బడిలో మమతారాణి ముందే వచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి. పుట్టిందీ పదో తరగతి దాకా చదివిందీ ఈ ఊళ్లోనే. హైదరాబాద్‌లో ఎంత పద్ధతిగా మాట్లాడినా ఇక్కడ కాలు పెట్టగానే ఆమె నోటికి ఇంటి మాట వచ్చేస్తుంది. శ్రేయ ఏదని ఆమె అడిగితే, ఇంట్లో పని పడి రాలేదని వినోద చెప్పింది. మమతారాణి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, సరే, ప్రొజెక్టర్ చూసుకొమ్మంది.

భోజనాలయ్యాక రెండు గంటలకు ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎపిసోడ్ మొదలైంది.

కథ ఇది. ఆపదలో ఎవరు ముందు చేరి ఆదుకుంటే వాళ్లకే ఊరి జెండా అని పెద్దలు పందెం పెడతారు. ఆ రోజు నుంచి జడి, సుడి మాట్లాడుకోవడం తగ్గిపోతుంది. ఇంతలో ఆదిలాబాద్ మిల్లు యార్డులో పత్తి కుప్పకు నిప్పు అంటుకుంటుంది. ఇద్దరూ రెండు దిక్కుల నుంచి బయల్దేరతారు. సుడి ముందు చేరుతుంది. కాలుతున్న కుప్పను ఒక్క విసురుతో ఎత్తి ఖాళీ మైదానంలో పడేయగలదు. కానీ దూరంగా వస్తున్న జడిని చూసి నీళ్ల ట్యాంకు వెనక్కి తప్పుకుని నిలబడుతుంది. జడి వచ్చి వాన కురిపించి మంట ఆర్పుతుంది, జెండా అందుకుంటుంది. గుంపులో నిలబడి సుడి చప్పట్లు కొడుతుంది. స్నేహమే పెద్ద గెలుపు అన్న మాటతో ముగింపు.

రాసింది శ్రేయ. గీసింది వినోద.

పందెం జరుగుతున్నంతసేపూ పిల్లలు బెంచీల మీద లేచి నిలబడ్డారు. సగం మంది జడి వైపు, సగం మంది సుడి వైపు. సుడి ట్యాంకు వెనక్కి తప్పుకున్నాక గది చప్పబడింది. చివర్లో చప్పట్లు వచ్చాయి గానీ అవి పంతులమ్మ కొడితే కొట్టినవి.

ఎట్లా ఉందని మమతారాణి అడిగింది. మంచిగున్నదని చాలామంది అన్నారు. మూడో బెంచీలో కోమల అనే ఆరో తరగతి పిల్ల చెయ్యెత్తింది. వాళ్ల బాపు యార్డులోనే పనిచేస్తాడట.

"సుడి నిలబడ్డంత సేపు రెండో కుప్ప కాలిపోయింది గదా," అంది. "గా కుప్ప ఎవలదో మరి."

ఏడో తరగతి పిల్లాడొకడు, దోస్తును గెలిపించడానికి ఆగిందని నచ్చజెప్పబోయాడు. కోమల ఒప్పుకోలేదు.

"అట్ల ఇస్తే జడి గెలిచినట్టెట్ల? ఆమెకు ఎర్కనే లేదు. నాకైతే ఎర్కైతే సుడితోని మాట్లాడ."

వెనక బెంచీల్లో ఇద్దరు మరాఠీలో ఏదో అనుకుని నవ్వారు. వినోద నవ్వలేకపోయింది. రెండో కుప్పకు నిప్పంటుకోవడం శ్రేయ రాసిన కథలో లేదు. పత్తి కుప్ప ఒక్కటే కాలదని తెలుసు కాబట్టి తనే గీసింది. గీస్తున్నప్పుడు మంట వంపు, పొగ వాలు, పింజ ఎగిరే తీరు చూసుకుంది. అది కాలడానికి కారణం ట్యాంకు వెనక నిలబడ్డ సుడి అన్న సంగతి తనకు తట్టలేదు.

పిల్లలు ఆటలకు వెళ్లిపోయాక మమతారాణి బెంచీ మీద కూర్చుని ఆ ముక్కే ఎత్తింది. రెండో కుప్ప గీయాలన్న ఆలోచన ఎవరిదని అడిగి తెలుసుకుంది.

"రాసిన పిల్లకు కుప్ప కనబడలే, గీసిన పిల్లకు కథ కనబడలే," అంది. "ముగింపు మార్చాలె బిడ్డా. నిన్ను పెట్టుమని శ్రేయ అన్నప్పుడు గందుకే నేను వెంటనే ఒప్పుకోలే. పని చూసినంకనే చెప్త అన్న."

వినోదకు అర్థం కాలేదు. శ్రేయ ఎప్పుడు అన్నదని అడిగింది.

"నీకు చెప్పలేదా? శనివారం ఫోన్ చేసింది. నేను పోటీల లేను మేడం, వినోదనే పెట్టుండ్రి అన్నది. మంచిగ ఆలోచించుకో అని రెండుసార్లు చెప్పిన. ఆలోచించుకున్ననే అన్నది."

ఎవరైనా సంతోషించవలసిన మాట అది. వినోదకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఐదున్నర గంటల ప్రయాణంలో తను మోసుకొచ్చిన తప్పు గుర్తొచ్చింది. శనివారమే తనకు ఇచ్చేసిన దాన్ని సోమవారం తను దొంగిలించింది. మమతారాణి హెడ్మాస్టరుతో మాట్లాడి వస్తానని ఆఫీసు గది వైపు వెళ్లింది. వినోద వరండాలోకి వచ్చేసరికి గేటు లోపలికి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది శ్రేయ.

జుట్టు సరిగా దువ్వుకోలేదు, ఇంట్లో వేసుకునే చుడీదార్‌తోనే వచ్చేసింది. మెట్లెక్కి వచ్చి, షో అయిపోయిందా అని అడిగింది. అయిందని వినోద చెప్పింది. పిల్లలకు నచ్చిందా అని అడిగింది. కొందరికి నచ్చిందని చెప్పింది.

"కైలాసం సార్ పదింటికి ఫోన్ చేసిండు," అంది శ్రేయ. "బస్సు ఎందాక వచ్చింది అని అడిగిండు. ఏ బస్సు సార్ అన్న."

"నీకు చెప్పలే," అంది వినోద. "మరిచిపోలే. కావాల్ననే చెప్పలే."

"ఎర్కే. పోనీ తియ్."

ఆ చివరి మాట దగ్గరే వినోదకు కోపం వచ్చింది. తిట్టి ఉంటే తల వంచుకుని నిలబడేది. ఏడ్చి ఉంటే కాళ్లు పట్టుకునేది. ఇంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి, జరిగిందాన్ని దారిలో రాయిలా పక్కకు జరిపేయడం ఆమె భరించలేకపోయింది.

"శనివారం మేడంకు ఫోన్ చేసినవట."

శ్రేయ ముఖంలో రంగు మారింది. చెప్పొద్దని మేడంను అడిగానంది, చెప్పేసిందా అంది. ఆ తర్వాత నీళ్ల సీసా మూత తిప్పుతూ, నీకు ఆ పని ఎంత అవసరమో నాకు తెలుసు, నాకు అంత ఆశ లేదు, అందుకని చెప్పానంది.

"నేను దొంగతనం చేసి తెచ్చుకుందామనుకున్నదాన్ని నువ్వు ముందుగాల్నే దానం చేసినవ్. రెండిట్ల ఏది పాపమో నాకైతే సమజైతలేదు."

"దానం కాదు వినోదా."

"మరేంది? నాతోని పోటీకి దిగితె నేను గెలువనని తెలిసే కదా పక్కకు జరిగినవ్. గెలుస్తననుకుంటె జరిగెటిదానివా?"

శ్రేయ జవాబివ్వలేదు. వినోద ఆ మాట ఊరికే, కోపంలో అంది. జవాబు రాకపోయేసరికి ఆమెలో ఇంకేదో కదిలింది. మైదానంలో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు, పీటీ సారు విజిల్ వేస్తున్నాడు. ఈసారి ఆమె మెల్లగా అడిగింది.

"గిట్ల ఎన్నిసార్లు చేసినవ్?"

శ్రేయ సీసా మూత బిగించి వరండా గోడ మీద పెట్టింది.

"కాలేజీల ఒక్కసారి," అంది.

వివరంగా చెప్పక్కర్లేదు. వినోద జీవితంలో చెప్పుకోదగ్గ పోటీ ఒక్కటే ఉంది. హైదరాబాద్‌లో ఆఖరి సంవత్సరం చదువుతుండగా రాష్ట్రస్థాయి విద్యార్థుల యానిమేషన్ పోటీ జరిగింది. ఆఖరి పదిమందిలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తుది పోటీ రోజు పొద్దున శ్రేయ జ్వరమని హాస్టల్లో పడుకుంది. వినోద మొదటి బహుమతి తెచ్చుకుంది. పోటీ చూడ్డానికి వచ్చిన కైలాసం అక్కడికక్కడే ఆమెకు ఉద్యోగం ఇస్తానన్నాడు. నా దోస్తు కూడా బాగా గీస్తుంది, ఆమెను కూడా తీసుకోండి సార్ అని వినోద అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆరేళ్లుగా వినోద ఆ సంగతి ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు కానీ లోపల దాచుకుంది. ఎప్పుడైనా ఇద్దరికీ మాట తేడా వస్తే, ఈమెను తెచ్చింది నేనే కదా అని ఓర్చుకునేది.

"జ్వరం లేకుండెనా?" అని అడిగింది.

"లేదు."

వినోద వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి శ్రేయ కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఇంతకాలం ఎవరికీ చెప్పని విషయం అప్పుడు చెప్పింది.

ఇంటర్ అయ్యాక శ్రేయ, ఆమె అన్న వంశీధర్‌రావు ఒకే ఏడాది ఇంజినీరింగ్ ఎంట్రన్స్ పరీక్ష రాశారు. అన్నకు అది రెండోసారి. ఏడాది పాటు కోచింగ్ తీసుకున్నాడు. శ్రేయ ఇంట్లో ఉండి చదివింది. ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది, అతనికి రాలేదు. ఇంటికి వచ్చిన చుట్టమల్లా చెల్లెను చూపించి అన్నను ఎత్తిపొడిచాడు. రాజేశ్వర్‌రావు కూడా ఆ మాట వదల్లేదు. అన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. రెండేళ్లు. ఆమె ఆ ర్యాంకుతో వచ్చిన సీటు వదిలేసి బొమ్మల చదువుకు వెళ్తానంటే ఇంట్లో పెద్ద గొడవైంది. పంతం పట్టిందనుకున్నారు. ఇష్టంతోనే వెళ్లింది, నిజమే. కానీ సీటు వదిలేస్తే అన్న మళ్లీ మాట్లాడతాడన్న ఆశ కూడా ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"సెలవులల్ల ఇంటికి పోయి, ఒక్క ఇంట్ల ఉండి గూడ రెండేండ్లు మాట్లాడకుంటె ఎట్లుంటదో నీకెర్క లేదు," అంది శ్రేయ. "కూర గిన్నె నా దిక్కు జరపాల్నన్నా అవ్వతోని జరిపిచ్చెటోడు. గెలిస్తె మనుషులు పోతరని నాకు గప్పుడే సమజైంది. అన్న పోయిండు. నువ్వు కూడ పోతవేమో అని భయం. అంతే. దానం కాదు, త్యాగం కాదు."

"నేను మీ అన్నను కాదు."

"నాకు ఫోన్ చెయ్యకుండ బస్సెక్కినవ్ గదా."

గొంతు పెంచకుండా, నిష్ఠూరం కూడా లేకుండా అంది ఆ మాట. అందుకే అది సూటిగా తగిలింది. కబడ్డీ కోర్టులో ఎవరో పడ్డారు, మోకాలు దులుపుకుని మళ్లీ ఆటలోకి పోయారు. వినోద అటే చూసింది. తను చేసిన పనిని సమర్థించుకోవడానికి పొద్దున్నుంచీ పోగుచేసిన మాటలన్నీ నాలుక దాకా వచ్చి ఆగిపోయాయి. అవ్వ, బాపు, అక్షరాలు, అద్దాలు. అవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటి కూడా శ్రేయకు చెప్పకుండా బస్సెక్కడానికి కారణం కాదు. భయపడి ఎక్కింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే మమతారాణి శ్రేయనే చూస్తుందన్న భయం.

"అవ్, ఎక్కిన," అంది చివరికి. "భయపడే ఎక్కిన. నువ్వు భయపడి పక్కకు జరిగినవ్, నేను భయపడి ముందట ఉరికిన. ఇద్దరం దోస్తులం అనుకుంట తిరుగుతున్నం."

శ్రేయ కళ్లు తుడుచుకుంది.

"ఒకటి చెప్త, విను," అంది వినోద. "నువ్వు నాతోని కొట్లాడి గెలిస్తె నేను ఏడుస్త. రెండు దినాలు మాట్లాడనేమో. మూడో దినం మాట్లాడుత. గా రెండు దినాలు ఓర్వలేవా?"

శ్రేయకు ఏడుపులోనే నవ్వొచ్చింది. రెండు దినాలంటే రెండే దినాలు, మూడో దినం టిఫిన్ నువ్వే తేవాలి అంది. వినోద ఒప్పుకుంది. అప్పుడు ఇద్దరూ పని మాట మాట్లాడుకున్నారు. కోమల అనే పిల్ల ఏమందో వినోద చెప్పింది. శ్రేయ తల పట్టుకుంది. రెండో కుప్ప సంగతి తనూ గమనించలేదు. ముగింపు ఎలాగూ మారాలి. ఎవరికి వాళ్లు ఒక ముగింపు గీసి, పేర్లు రాయకుండా ఇదే పిల్లలకు చూపించి, ఏది నచ్చితే అది గీసినవాళ్లే డైరెక్టర్ అని మేడంను అడుగుదామని వినోద అంది. దాచడాలు లేవు, పక్కకు జరగడాలు లేవు. వారం గడువు అడుగుదాం. సోమవారం ఫోన్ సంగతి కూడా తనే మేడంకు చెప్పేస్తానంది.

శ్రేయ వెంటనే ఔననలేదు. బ్యాగులోంచి ట్యాబ్ తీసి ఒళ్లో పెట్టుకుని, తెరవడమా వద్దా అన్నట్టు వేళ్లు అంచు మీద ఆడించింది. పోయిన నెల తను ఇంకో ముగింపు గీసుకుందట. చూపిస్తే పందెమైపోతుందని చూపలేదట.

"ఇప్పుడైతే పందెమే గదా," అని ట్యాబ్ వినోద చేతుల్లో పెట్టింది.

పదకొండు బొమ్మలు. వినోద మొదటిదాన్ని తెరిచి ఆగిపోయింది. ట్యాంకు లేదు, దాక్కోవడం లేదు. మిల్లు రేకుల మీద సుడి, యార్డు అవతల జడి, మధ్యలో నిప్పు. గాలి వీస్తే మంట పెరుగుతుందనీ, వానొక్కటే అయితే లోపలి నిప్పు ఆరదనీ ఇద్దరికీ ఒకేసారి తెలిసే క్షణం అది. సుడి ముఖానికి కింది నుంచి వెలుగు పడుతోంది. పోటీలో ముందున్న మనిషి పొగరూ, తన బలమే ఊరిని కాల్చేస్తుందేమోనన్న బెదురూ ఆ ఒక్క ముఖంలో ఉన్నాయి. బొమ్మంతా గాలి ఉంది. కానీ గాలిని చూపడానికి ఒక్క గీత కూడా లేదు. ఎగిరే పత్తి పింజలతోనే గాలి అంతా కనబడుతోంది.

ఆరేళ్లు పక్క బల్ల మీద కూర్చున్న మనిషి గీసిన బొమ్మ అది. ఈ చేతి పనితనాన్ని వినోద ఎన్నడూ చూడలేదు. శ్రేయ స్టూడియోలో గీసినవన్నీ శుభ్రంగా, పొందిగ్గా, తన బొమ్మల కంటే ఒక మెట్టు కింద ఉండేవి. ఆ మెట్టును శ్రేయే కట్టుకుందని ఇప్పుడు తెలిసింది. రెండో బొమ్మ, మూడో బొమ్మ, నాలుగో బొమ్మ. వాటిలో సుడి కుప్పను విప్పుతుంటే జడి లోపలి నిప్పును తడుపుతోంది. వారం కాదు, నెల గడువిచ్చినా తను ఇలాంటిది గీయలేదేమో. బాగుందని చెప్పాలి. దోస్తు అయితే ముందు ఆ మాట చెప్పాలి. నోరు రాలేదు.

వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మమతారాణి ఆఫీసు గది నుంచి వస్తూ, శ్రేయను చూసి వచ్చినవా బిడ్డా అని పలకరించింది. ఆమె చూపు వినోద చేతుల్లోని ట్యాబ్ మీద పడింది. ఏంటదని వంగి చూసింది. చూసి అద్దాలు సవరించుకుంది. అడగకుండానే ట్యాబ్ అందుకుని ఒక్కో బొమ్మా జరుపుతూ పదకొండూ చూసింది. మళ్లీ మొదటిదానికి వచ్చింది.

"ఇదెప్పుడు గీసినవ్?" అని వినోదను అడిగింది.

వినోద తల ఎత్తేలోపే శ్రేయ పలికింది.

"పోయిన నెల గీసింది మేడం. చూపియ్యనీకి భయపడ్డది."

అంత తొందరగా, అంత సహజంగా వచ్చింది ఆ మాట. మూడు నిమిషాల కిందట ఒప్పుకున్నదంతా ఆమెకు గుర్తుందో లేదో తెలియదు. ఎన్నేళ్లదో ఆ అలవాటు. వినోద గిరుక్కున ఆమె వైపు తిరిగింది. శ్రేయ ఆమెను చూడడం లేదు. మైదానంలోని పిల్లల్ని చూస్తోంది.

మమతారాణి ట్యాబ్‌ను వినోద ఒళ్లో జాగ్రత్తగా పెట్టింది. గా పిల్ల అడిగినదానికి జవాబు ఇందులో ఉంది, ఇంక ఎవరినీ అడిగే పని లేదు, నీ పేరు చానల్‌కు ఇప్పుడే చెప్పేస్తానంటూ ఫోను తీసి నంబరు నొక్కింది.

ఇది నాది కాదు. మూడు మాటలు చాలు. అవి వినోద గొంతు దాకా వచ్చాయి. ఒళ్లో ట్యాబ్ వెలుగుతూ ఉంది. సుడి ముఖం ఆమెనే చూస్తున్నట్టుంది. ఒక్క ఊపిరి ఆగి చెప్తాననుకుంది. ఆ ఊపిరి అయిపోయింది. ఇంకొకటి తీసుకుంది.

మూడోసారి మోగగానే అవతల ఎవరో ఫోన్ ఎత్తారు.